ముప్పై దాటని రాత్రి: శంషాబాద్ దారిలో మందూ, స్టీరింగూ

"ఎంత వరకు తాగితే పట్టుబడం?"

శంషాబాద్ హైవే పక్కన ఏ దాబాలో కూర్చున్నా రాత్రి పది దాటాక ఈ ప్రశ్న వినిపిస్తుంది. అడిగేవాడి చేతిలో అప్పటికే గ్లాసుంటుంది. జవాబు చెప్పేవాడి చేతిలోనూ ఉంటుంది. ఒకరు "రెండు పెగ్గుల దాకా ఏం కాదు" అంటారు. ఇంకొకరు "బీరైతే మెషిన్‌లో రాదు" అంటారు. మూడో ఆయనకు ట్రాఫిక్‌లో తెలిసిన ఎస్సై ఉంటాడు.

ఆ బల్ల దగ్గర నాలుగో మనిషి మీరే అనుకోండి. బండి తాళం మీ జేబులో ఉంది. ఈ అధ్యాయం మీ కోసమే. మందు మంచిదా చెడ్డదా అన్న చర్చ ఇందులో లేదు. తాగడం మానెయ్యమని చెప్పే పుస్తకాలు వేరే ఉన్నాయి. తాగిన రాత్రి మీరొక దారిన, మీ బండి ఇంకో దారిన క్షేమంగా ఇల్లు చేరడమెలా అన్నదే ఇక్కడ మన పని.

మీకు వర్తించే గీత ఏది?

మోటారు వాహనాల చట్టం, 1988. అందులో 185వ సెక్షన్. వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి ఆల్కహాల్ ఉంటే బండి నడపడం నేరం. నడపబోవడం కూడా నేరమే. అంటే పార్కింగ్‌లో సీట్లో కూర్చుని తాళం తిప్పినా "నేనింకా కదల్లేదు కదా సార్" అన్న మాట మిమ్మల్ని కాపాడుతుందని అనుకోకండి. బ్రెత్ ఎనలైజర్ తెర మీద 31 వచ్చినా, 131 వచ్చినా కేసే. శిక్షలో తేడా ఉంటుందేమో గానీ కేసులో ఉండదు.

ఇది ఎవరికి? స్కూటీ మీద వెళ్లే కాలేజీ కుర్రాడికి, కారు నడిపే సాఫ్ట్‌వేర్ ఉద్యోగికి, ఆటో అన్నకు, క్యాబ్ డ్రైవర్‌కు, పాతికేళ్ల అనుభవమున్న లారీ డ్రైవర్‌కు, అందరికీ అదే 30. చాలా దేశాల్లో ఇలా ఉండదు. అమెరికాలో ఎక్కువ రాష్ట్రాల్లో మామూలు కారు నడిపేవాళ్లకు మన లెక్కలో 80, లారీలూ బస్సులూ నడిపేవాళ్లకు 40, ఇరవై ఒకటి నిండని వాళ్లకు దాదాపు సున్నా. జర్మనీలో మామూలు డ్రైవర్లకు 50, కొత్తగా లైసెన్సు తీసుకున్నవాళ్లకు సున్నా. మన చట్టం ఇలా విడదీయలేదు. అందరికీ ఒకటే అంటే న్యాయంగానే అనిపిస్తుంది గానీ, నాకది లోటుగానే కనిపిస్తుంది. నలభై మంది పిల్లల్ని ఎక్కించుకున్న స్కూల్ బస్సుకూ, ఒంటరిగా పోయే మోపెడ్‌కూ ఒకే గీత ఏమిటి?

ఆ లోటును కొంతవరకు ఉద్యోగ నిబంధనలు పూడుస్తున్నాయి. ఆర్టీసీ డిపోల్లో డ్యూటీ ఎక్కే ముందు డ్రైవర్ల చేత ఊదిస్తారు. అక్కడ ముప్పైకి ఎంత దూరంలో ఉన్నావని ఎవరూ అడగరు. అంకె కనిపిస్తే చాలు, బస్సు తాళం చేతికి రాదు. శంషాబాద్ విమానాశ్రయం కంచె దాటి లోపలికి వెళ్తే నిబంధన ఇంకా గట్టిది. పైలట్లకు పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నియమం ప్రకారం విమానం ఎక్కే ముందు 12 గంటలు చుక్క ముట్టకూడదు, పరీక్షలో సున్నా రావాలి. మొదటిసారి దొరికితే 3 నెలలు లైసెన్సు సస్పెన్షన్, రెండోసారి 3 ఏళ్లు. ఆల్కహాల్ ఉండే మౌత్‌వాష్ కూడా వాడొద్దన్నారు. 2019 నుంచి రన్‌వే వైపు వాహనాలు నడిపేవాళ్లనూ, అగ్నిమాపక సిబ్బందినీ, విమానాల రాకపోకలు చూసే ఏటీసీ అధికారులనూ ముందు చెప్పకుండా పరీక్షించే పద్ధతి వచ్చింది.

అంటే కంచెకు లోపల సున్నా, బయట ముప్పై. విమానానికి సామాను చేరవేసే ట్రాక్టర్ నడిపే మనిషి డ్యూటీలో సున్నా మనిషి, షిఫ్ట్ దిగి బైకెక్కితే ముప్పై మనిషి. మీ సంగతేమిటి? మీ కంపెనీ కాగితం ఒకసారి తీసి చూడండి. ఉద్యోగుల్ని చేరవేసే క్యాబ్‌లు, స్కూల్ బస్సులు, పెట్రోల్ ట్యాంకర్లు నడిపే వాళ్లకు ఒప్పందంలోనే సున్నా రాసి ఉండొచ్చు. చట్టం ఒకటి, యజమాని ఇంకొకటి చెబితే, కిందున్న గీతే మీది.

విదేశాల నుంచి వచ్చేవాళ్లకు ఒక మాట. డాలస్‌లో రెండు బీర్లు తాగి ఇంటికి నడుపుకుంటూ వెళ్లిన అలవాటుతో హైదరాబాద్‌లో దిగకండి. అక్కడ 70 ఉన్న మనిషి గీతకు లోపలున్నట్టు, ఇక్కడ రెట్టింపుకు పైగా దాటినట్టు. గల్ఫ్ నుంచి వచ్చేవాళ్లకు ఈ బాధ తక్కువ. అక్కడ తాగి స్టీరింగ్ పట్టుకుంటే ఏమవుతుందో వాళ్లకు బాగా తెలుసు.

గ్లాసులో ఎంత, మెషిన్‌లో ఎంత

ఇప్పుడు లెక్కకొద్దాం. ఇవి సగటు అంచనాలు, మీ ఒంటికి కొలిచి చెప్పినవి కావు. కానీ దాబాలో వినిపించే అంచనాల కన్నా నమ్మదగినవి.

మన విస్కీ, బ్రాందీ, రమ్ముల్లో ఆల్కహాల్ దాదాపు 42.8 శాతం. 60 మిల్లీలీటర్ల లార్జ్ పెగ్గులో దాదాపు 20 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. 70 కిలోల మగవాడు దాన్ని ఖాళీ కడుపుతో గబగబా తాగితే రక్తంలో 40 దాటొచ్చు. 55 కిలోల ఆడమనిషికైతే 60 దాటొచ్చు. అంటే "ఒక్క లార్జే కదా" అన్న మాట దగ్గరే గీత దాటిపోయింది.

బీరు సంగతి? ఏడు శాతం ఉన్న స్ట్రాంగ్ బీరు, 650 మిల్లీలీటర్ల సీసా. అందులో ఆల్కహాల్ 36 గ్రాముల దాకా ఉంటుంది, అంటే దాదాపు రెండు లార్జ్‌లు. అదే 70 కిలోల మనిషికి 70 దాటుతుంది. అయిదు శాతం లైట్ బీరైనా సీసా మొత్తం తాగితే 50 చుట్టుపక్కలకు చేరుతుంది. "బీరైతే మెషిన్‌లో రాదు" అన్న మూడో సీసా పండితుడికి ఈ పేరా చదివి వినిపించండి.

క్వార్టర్, అంటే 180 మిల్లీలీటర్లు. అరవై గ్రాములు. రక్తంలో 120 పైమాటే.

ఎక్కడం ఇలా ఉంటే దిగడం ఎలా ఉంటుంది? గంటకు సగటున 15. కొందరికి 10, కొందరికి 20. ఈ వేగాన్ని మీరు పెంచలేరు. చన్నీళ్ల స్నానం పెంచదు. బ్లాక్ కాఫీ పెంచదు. నిమ్మకాయ మజ్జిగ పెంచదు. వాంతి చేసుకున్నా అప్పటికే రక్తంలోకి వెళ్లింది వెనక్కి రాదు. బిర్యానీ తిని తాగితే మెల్లగా ఎక్కుతుంది, అంతే. ఎక్కిందాన్ని దించే పని లివర్‌ది, దానికి తొందరపడటం చేతకాదు.

ఈ లెక్క అందరికన్నా ఎక్కువ అవసరమైంది ఎయిర్‌పోర్టు క్యాబ్ డ్రైవర్లకు. ఎందుకంటే వాళ్ల పని తెల్లవారుజామున. రాత్రి పదకొండుకు క్వార్టర్ ముగించి పడుకున్న డ్రైవర్‌కు పొద్దున నాలుగింటికి కూకట్‌పల్లిలో పికప్ వచ్చిందనుకోండి. ఐదు గంటల్లో 75 తగ్గింది. ఇంకా 50 మిగిలింది. ముఖం కడుక్కున్నాడు, టీ తాగాడు, పళ్లు తోముకున్నాడు, నిద్ర కూడా పట్టింది. మత్తు అన్న భావనే లేదు. మెషిన్ మాత్రం ఒప్పుకోదు. ముప్పైకి దిగేసరికి దాదాపు ఐదున్నర అవుతుంది. సున్నాకు రావాలంటే ఏడున్నర. గంటకు పదే కరిగే ఒళ్లయితే మర్నాడు మధ్యాహ్నం.

"రాత్రి తాగాను సార్, పొద్దున కాదు" అని బతిమాలే వాళ్లలో అబద్ధం చెప్పేవాళ్లు తక్కువ. అయినా కేసు కేసే. తెల్లవారుజామున బండి తీయాల్సిన ప్రతివాళ్లూ పైలట్ల నియమాన్ని అప్పు తెచ్చుకోండి. బండికీ చివరి గుక్కకూ మధ్య 12 గంటలు. దానికి కూడా పరిమితి ఉంది. రెండు క్వార్టర్లు తాగినవాడికి 12 గంటలు చాలవు.

ఈ దారిలో ఎదురయ్యే మూడు రాత్రులు

మొదటిది సాగనంపే రాత్రి. అబ్బాయి ఎమ్మెస్‌కు వెళ్తున్నాడు. ఫ్లైట్ తెల్లవారుజామున మూడింటికి. పెట్టెల బరువు రెండుసార్లు తూచారు, పచ్చళ్ల ప్యాకెట్లు మూడు పొరల్లో చుట్టారు, పాస్‌పోర్టు జేబులో ఉందో లేదో ప్రతి సిగ్నల్ దగ్గరా తడిమి చూసుకున్నారు. మూడు కార్లలో పద్నాలుగు మంది. అందులో స్నేహితుల కారు సాయంత్రం ఏడింటికే దాబా దగ్గర ఆగింది. "మళ్లీ ఎప్పుడు కలుస్తామో" అన్న మాటకు అడ్డు చెప్పేవాళ్లెవరు? డిపార్చర్స్ గేటు దగ్గర ఏడుపులయ్యాయి, ఫొటోలయ్యాయి. ఇప్పుడు ఆ కారును వెనక్కి ఎవరు నడుపుతారు? ఇంత ఏర్పాటు చేసిన ఇంట్లో ఈ ఒక్క ప్రశ్న ఎవరికీ తట్టలేదు. వెళ్లేవాడి మీదే అందరి కళ్లూ ఉంటాయి, తిరిగొచ్చేవాళ్ల మీద ఎవరి కళ్లూ ఉండవు.

రెండోది దిగే రాత్రి. మూడు రోజుల పని మీద దుబాయ్ వెళ్లారు. కారు ఎయిర్‌పోర్టు పార్కింగ్‌లోనే ఉంది. తిరుగు విమానంలో భోజనంతో పాటు విస్కీ ఇచ్చారు. ఒకటి, ఆ తర్వాత ఇంకొకటి. దిగాక ఇమ్మిగ్రేషన్, సామాను బెల్టు, గంట గడిచింది. మనసు ఇంటి మీదుంది. నేరుగా పార్కింగ్‌కు నడుస్తారు. ఆకాశంలో తాగింది నేల మీద లెక్కకు రాదా? వస్తుంది. పైగా నిద్ర లేదు. కారు పార్కింగ్‌లో పెట్టి వెళ్తున్నారంటే తిరుగు ఫ్లైట్‌లో మీ డ్రింకు మంచినీళ్లే అని వెళ్లే రోజే రాసిపెట్టుకోండి. విమానంలో తాగాలనుందా, వెళ్లేటప్పుడు క్యాబ్‌లో వెళ్లండి.

మూడోది ఫంక్షన్ హాల్, ఫామ్‌హౌస్ రాత్రి. ఇక్కడ తప్పు బయటికి మంచితనంలా కనిపిస్తుంది. పెద్దాయన కారు వెనక సీట్లో కూర్చుంటాడు కాబట్టి తాగొచ్చు, అది సరే. కానీ పార్కింగ్ వైపు చూసి "డ్రైవర్లకు కూడా ఒక బాటిల్ పంపించరా, పాపం ఎంతసేపు కూర్చుంటారు" అంటాడు. ఆ బాటిల్ వెళ్తుంది. సార్ పంపింది వద్దనడానికి డ్రైవర్‌కు మొహమాటం. 188వ సెక్షన్ గురించి ఆ పెద్దాయనకు తెలియదు. తాగి నడపడానికి ప్రేరేపించినవాళ్లకూ నడిపినవాళ్లకున్న శిక్షే అంటుంది అది. డ్రైవర్ల మీద నిజంగా దయ ఉంటే భోజనం ముందు వాళ్లకు పెట్టించండి, కూర్చోడానికి కుర్చీలూ ఫ్యానూ ఏర్పాటు చేయించండి.

గ్లాసు ముట్టుకోక ముందు చేయాల్సినవి

ఇక్కడి కిటుకంతా సమయంలో ఉంది. నిర్ణయాలన్నీ మొదటి గుక్కకు ముందే అయిపోవాలి. ఎందుకో తెలుసా? మందు మొదట దెబ్బతీసేది కాళ్లను కాదు, "నేను బాగానే ఉన్నాను" అని చెప్పే తీర్పును. ఆ తీర్పుతో మిమ్మల్ని మీరే పరీక్షించుకుంటే ఎప్పుడూ పాసవుతారు.

1. బయల్దేరే ముందే ఇంటికెలా వస్తారో ఒకరికి చెప్పండి. "వాట్సాప్‌లో పెడతాను" కాదు, నోటితో చెప్పండి. చెప్పిన మాట నిలుపుకోవాలన్న పట్టుదల తాగాక కూడా కొంత మిగులుతుంది.

2. తాగాలనుకుంటే బండి ఇంట్లోనే పెట్టండి. వినడానికి ఇది మరీ సులువుగా ఉంది కదా? అయినా అన్నిటికన్నా బాగా పనిచేసేది ఇదే. తాళం జేబులో లేనివాడికి ప్రలోభం లేదు. ఎయిర్‌పోర్టు వైపైతే ఆర్టీసీ పుష్పక్ బస్సులు రాత్రిళ్లు కూడా తిరుగుతాయి, క్యాబ్‌లకు కొదవ లేదు.

3. గుంపులో ఒకరిని తాగని మనిషిగా ముందే ఎంచండి. ఎంచేది ఇంటి దగ్గర, దాబా దగ్గర కాదు. "ఎవరు తక్కువ తాగితే వాళ్లే నడుపుతారు" అన్న ఒప్పందం ఒప్పందమే కాదు. తక్కువ తాగినవాడు కూడా తాగినవాడే. ఎంచిన మనిషి బిల్లు మిగతావాళ్లు కట్టండి, వచ్చేసారి వంతు మార్చండి.

4. కారు మీదే, నడిపేవాళ్లు దొరకలేదు, క్యాబ్ రావడం లేదు. అప్పుడు? గంటల లెక్కన వచ్చే డ్రైవర్‌ను యాప్‌లో పిలవొచ్చు. ఆ నంబర్లు సాయంత్రం ఆరింటికే ఫోన్‌లో సేవ్ చేసుకోండి. రాత్రి ఒంటిగంటకు వెతికే ఓపిక ఉండదు.

5. ఆ రాత్రి అక్కడే పడుకోవడం పరువు తక్కువ కాదు. ఫామ్‌హౌస్ వాళ్లు చాప ఇస్తారు. ఇవ్వకపోతే శంషాబాద్‌లో గదులకు కరువు లేదు. గది అద్దెను కేసు ఖర్చుతో పోల్చి చూడండి.

6. బలవంతం చేసేవాళ్లకు జవాబు ముందే తయారుగా ఉంచుకోండి. మన ఇళ్లలో అసలు ఇబ్బంది ఇదే. పెద్దబావ గ్లాసు నింపి చేతిలో పెడతాడు. వద్దంటే బంధుత్వం వద్దన్నట్టు చూస్తాడు.

"ఏందిరా, నా చేతి మందు తాగవా?"

"మీ చేతిది వద్దంటానా బావా? ఇయ్యాల బండి నా మీదున్నది. అక్కను, పిల్లలను నేనే దింపాలె."

"ఒక్కటే. ఒక్కదానికి ఏమైతది?"

"ఒక్కటి తాగితే తాళం మీకే ఇయ్యాల్సొస్తది. మీరేమో రెండో దాంట్లున్నరు."

ఇక్కడ రెండు మెళకువలు చూశారా? ఒకటి, మందును తిట్టలేదు, బావను తప్పుబట్టలేదు. రెండు, కారణం ఆరోగ్యమో ఒట్టో కాదు, అక్కా పిల్లలూ. ఏ బావా ఆ కారణాన్ని కొట్టిపారేయలేడు. యాంటీబయాటిక్స్ వాడుతున్నానని అబద్ధం చెప్పడం కూడా పనిచేస్తుంది గానీ, అది ఒక్క పెళ్లికే చెల్లుతుంది.

మళ్లీ మళ్లీ చేసే పొరపాట్లు

"అడ్డదారిన పోదాం" అన్నది మొదటిది. అరాంఘర్ దగ్గర చెకింగ్ ఉందని ఎవరో ఫోన్ చేస్తారు. వెంటనే ఊళ్ల మధ్య నుంచి సర్వీసు రోడ్డు పట్టుకుంటారు. చెకింగ్ తప్పించుకున్నారు సరే, వీధి దీపాల్లేని దారిలో, నిలిపి ఉన్న లారీల మధ్య, రాంగ్ రూట్‌లో వచ్చే ట్రాక్టర్లకు ఎదురుగా తాగి నడుపుతున్నారు. పోలీసును తప్పించుకోవడం మీ లక్ష్యమైతే ఈ పుస్తకం మూసెయ్యొచ్చు.

"రింగు రోడ్డు ఖాళీగా ఉంటుంది" అన్నది రెండోది. ఔటర్ రింగు రోడ్డు మీద వంద వేగంతో వెళ్తే కారు సెకనుకు దాదాపు 28 మీటర్లు పోతుంది. తాగిన కన్ను ముందున్న లారీ కదులుతోందా ఆగి ఉందా తేల్చుకోడానికి ఒక్క సెకను ఆలస్యం చేస్తే చాలు.

"బైకే కదా, పడితే నేనే పడతాను" అన్నది మూడోది. ఇది నాకు అన్నిటికన్నా కోపం తెప్పించే మాట. శంషాబాద్ మీదుగా దక్షిణానికి వెళ్లే 44వ నంబరు జాతీయ రహదారి మీదే, 2025 అక్టోబర్ 24 తెల్లవారుజామున, కర్నూలు దగ్గర చిన్నటేకూరులో ఏం జరిగిందో గుర్తుందా? బైక్ నడుపుతున్న యువకుడు జారి పడి చనిపోయాడు. రోడ్డు మీద పడి ఉన్న ఆ బైక్‌ను హైదరాబాద్ నుంచి బెంగళూరు వెళ్తున్న ప్రైవేటు బస్సు ఢీకొని ఈడ్చుకెళ్లింది. మంటలు లేచాయి. నిద్రలో ఉన్న 19 మంది ప్రయాణికులు కాలిపోయారు. బైక్ నడిపినతను తాగి ఉన్నాడని ఫోరెన్సిక్ పరీక్షలో తేలింది. బస్సులో మంటలు అంతగా వ్యాపించడానికి వేరే కారణాలున్నాయి, వాటికి జవాబు చెప్పాల్సినవాళ్లు వేరే ఉన్నారు. కానీ పడింది బైకే. ఆ వారంలోనే హైదరాబాద్ పోలీస్ కమిషనర్ సజ్జనార్ తాగి నడిపేవాళ్లను ఉగ్రవాదులన్నారు. మాట మరీ పెద్దదైందని కొందరు నొచ్చుకున్నారు. ఆ బస్సు టికెట్ తీసుకున్న కుటుంబాల్ని అడిగితే పెద్దదనరేమో.

"కల్లు కదా, చెట్టు నుంచి దిగింది" అన్నది నాలుగోది. పులిసిన కల్లులో ఉండేదీ ఆల్కహాలే, మెషిన్‌కు చెట్టూ ఫ్యాక్టరీ తేడా తెలియదు. ఇక కల్లు కాంపౌండ్‌లలో ఆల్ప్రాజోలం అనే మత్తుమందు కలిపిన కల్లయితే ప్రమాదం రెట్టింపు. మత్తుమందుల ప్రభావంలో అదుపు తప్పి నడపడాన్ని కూడా 185వ సెక్షన్‌లోనే చేర్చారు.

నోట్లో వక్కపొడి, యాలకులు, పుదీనా బిళ్లలు వేసుకునేవాళ్లకు ఒక్క ముక్క చెప్పి ముందుకెళ్తాను. మెషిన్ వాసన చూడదు. ఊపిరితిత్తుల నుంచి వచ్చే గాలిలో ఆల్కహాల్ ఎంతుందో కొలుస్తుంది.

ఆపారు. ఇప్పుడేం చేయాలి?

తాగినా తాగకపోయినా ఈ పద్ధతి తెలిసి ఉండాలి.

1. బండి పక్కకు తీసి ఆపండి. వెనక్కి తిప్పి పారిపోవడం, బ్యారికేడ్ తోసుకుపోవడం చేస్తే చిన్న కేసు కాస్తా పెద్దదవుతుంది. స్టీరింగ్ వదిలేసి పక్క సీట్లోకి జరగడం పాత నాటకం, దాన్ని పోలీసులు రోజూ చూస్తారు.

2. ఊదే గొట్టం కొత్తదో కాదో చూడండి. కాకపోతే మార్చమనండి. అది మీ ఆరోగ్యం.

3. మీరు తాగలేదు, అయినా అంకె వచ్చిందా? గొడవపడకండి. నోట్లో మిగిలిన పదార్థం వల్ల ఒక్కోసారి అలా జరుగుతుంది. 2025 జూలైలో కేరళలోని పందళం ఆర్టీసీ డిపోలో బాగా మగ్గిన పనసతొనలు తిన్న డ్రైవర్లకు మెషిన్ 10 చూపించింది. తాగలేదని తర్వాత తేలింది. నీళ్లతో పుక్కిలించి పావుగంట ఆగి మళ్లీ పరీక్షించమని మర్యాదగా అడగండి. అప్పటికీ నమ్మకం లేకపోతే రక్తపరీక్ష కోరండి.

4. ఊదనని మొండికేయకండి. యూనిఫాంలో ఉన్న పోలీసు అడిగినప్పుడు నిరాకరిస్తే, తాగారన్న అనుమానం ఉంటే వారంటు లేకుండా అరెస్టు చేసే అధికారం 203వ సెక్షన్ ఇచ్చింది. సరైన కారణం లేకుండా నిరాకరించారన్నది కోర్టులో మీకే ఎదురు తిరుగుతుంది. 185 కింద మిమ్మల్ని అరెస్టు చేస్తే రెండు గంటల్లోపు డాక్టరు పరీక్ష జరగాలి. ఇది మీ హక్కు, గుర్తుంచుకోండి.

5. బండి సంగతి. తాగని మనిషి, లైసెన్సున్న మనిషి మీతో ఉంటే బండి ఆయన తీసుకెళ్లొచ్చు. లేకపోతే ఇంటి నుంచి ఎవరినైనా పిలిపించుకోవచ్చు. ఎవరూ రాలేకపోతే పోలీసులు బండిని దగ్గర్లోని స్టేషన్‌కో, భద్రమైన చోటుకో చేర్చాలి. ఆర్సీ, గుర్తింపు కార్డు చూపించాక తిరిగివ్వాలి. తాగి నడిపారన్న ఒక్క కారణంతో బండిని స్వాధీనం చేసుకుని ఉంచేసుకునే అధికారం పోలీసులకు లేదని తెలంగాణ హైకోర్టు 2021 నవంబర్‌లో చెప్పింది. ఈ తీర్పు గురించి తెలుసుకోండి గానీ, మత్తులో రోడ్డు మీద ఉపన్యాసమివ్వకండి. మాట్లాడే పని ఇంటి నుంచి వచ్చిన మనిషికి వదిలేయండి.

6. రీడింగ్ ప్రింటు, బండి రసీదు తీసుకుని ఫొటో తీసి ఇంటికి పంపండి. మర్నాటికి ఎక్కడ పెట్టారో మీకు గుర్తుండదు.

ఆ తర్వాతి రోజులు

ఇది రోడ్డు మీద చలానా కట్టి వదిలించుకునే తప్పు కాదు. కోర్టుకు వెళ్లాల్సిందే. అంతకు ముందు కుటుంబంలో ఒకరితో కలిసి కౌన్సెలింగ్‌కు రమ్మంటారు. నిజం చెప్పాలంటే చాలామందికి జరిమానా కన్నా ఇదే గట్టిగా తగులుతుంది. నాన్నను పక్కన కూర్చోబెట్టుకుని ప్రమాదాల వీడియోలు చూడటం ఎవరికైనా కష్టమే.

మొదటిసారైతే ఆరు నెలల దాకా జైలు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. రెండోసారైతే జైలు రెండేళ్ల దాకా, జరిమానా 15,000. అంకె బాగా ఎక్కువ వచ్చినవాళ్లను కొన్ని రోజులు జైలుకు పంపడం హైదరాబాద్ కోర్టుల్లో మామూలే. ఎవరి ప్రాణమైనా పోతే వ్యవహారం ఈ సెక్షన్‌తో ఆగదు. భారతీయ న్యాయ సంహిత 105 కింద పదేళ్ల దాకా పోవచ్చు. కారు బీమా కూడా చేతులెత్తేస్తుంది. తాగి నడిపినప్పుడు మీ కారుకు జరిగిన నష్టానికి కంపెనీ డబ్బు కట్టదు. పరీక్ష రిపోర్టు లేకపోయినా, తాగి ఉన్నాడని వేరే ఆధారాలతో కంపెనీ నిరూపించొచ్చని సుప్రీంకోర్టు 2021లో తేల్చింది.

కోర్టు వాయిదా రోజు వాయిదా వేసుకోకండి. ఆఫీసుకు సెలవు పెట్టి, లైసెన్సు, ఆర్సీ, ఆధార్ తీసుకుని పొద్దున్నే వెళ్లండి. వెళ్లకపోతే వారంటు వస్తుంది. దళారులు "నేను చూసుకుంటా అన్నా, నువ్వు రానక్కర్లేదు" అంటారు. రావాలి. ఒప్పుకోవాలా, వాదించాలా అన్నది లాయరుతో మాట్లాడి తేల్చుకోండి. తప్పు జరిగిందని మీకే తెలిసినప్పుడు సాగదీయడం వల్ల ఒరిగేది తక్కువన్నది నా అభిప్రాయం.

లైసెన్సు కూడా పక్కన పెట్టాల్సి రావొచ్చు. కనీసం మూడు నెలలు సస్పెండ్ చేయమని సుప్రీంకోర్టు రోడ్డు భద్రతా కమిటీ 2015లోనే రాష్ట్రాలకు చెప్పింది. క్యాబ్ నడిపి బతికేవాళ్లకు మూడు నెలలంటే ఈఎంఐలు, స్కూల్ ఫీజులు. ఆ కాలంలో బండి తీస్తే 182వ సెక్షన్ కింద ఇంకో కేసు, మూడు నెలల దాకా జైలు. కాబట్టి సస్పెన్షన్ కాగితం చేతికి వచ్చిన రోజే రెండు పనులు చేయండి. బండిని లైసెన్సున్న తమ్ముడికో, నమ్మకమైన మనిషికో రోజువారీ అద్దెకు అప్పజెప్పి, లెక్క రాసుకోండి. ఫైనాన్స్ వాళ్ల దగ్గరికి మీరే వెళ్లి, వాయిదా తప్పక ముందే గడువు అడగండి. వాళ్లు మీ ఇంటికొచ్చాక అడిగితే మాట చెల్లదు.